మా అమ్మాయి కాలేజీ ఎస్సేలో మా కులం గురించి రాస్తానంటోంది

న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. పేర్లూ ఆనవాళ్లూ తీసేసి సారం మాత్రం ఇస్తున్నాను.

ఆయనది ప్రకాశం జిల్లాలో ఒక ఊరు. దళిత కుటుంబం. తల్లిదండ్రులిద్దరూ కూలికి వెళ్లేవారు. ఆయన సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుని, ఎంసెట్ రాసి, ఎస్సీ కోటాలో ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి హెచ్-1బి మీద అమెరికా చేరారు. ఇప్పుడు సొంత ఇల్లు, మంచి ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు. పండగలకీ పుట్టినరోజులకీ కలిసే కొన్ని తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లెవరికీ ఈయన కులం తెలియదు. "మా ఇంటిపేరు వేరే కులంలోనూ ఉంది. వాళ్లంతట వాళ్లే మమ్మల్ని అదే అనుకున్నారు. నేను అవునని చెప్పలేదు, కాదనీ అనలేదు" అని రాశారు. అంబేడ్కర్ ఫొటో హాల్లో కాకుండా పడకగదిలో ఉంటుందట.

పెద్దమ్మాయి పన్నెండో తరగతిలో ఉంది. కాలేజీలకు అప్లికేషన్లు పెట్టే ఏడాది. అప్లికేషన్‌తో పాటు తన గురించి ఒక ఎస్సే కూడా రాసి పంపాలి. ఈ వేసవిలో ఒక మిత్రుడింట్లో భోజనాల దగ్గర పిల్లల అడ్మిషన్ల మాట వచ్చింది. "సుప్రీంకోర్టు పుణ్యమా అని ఇక్కడ కూడా రిజర్వేషన్ల గోల వదిలింది. అక్కడ సీట్లు పోగొట్టుకునే కదా మనమంతా ఇంత దూరం వచ్చింది" అన్నాడు ఆ ఇంటాయన. అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు. అమ్మాయి అది విన్నది. ఇంటి సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. కిందటేడు నానమ్మ వచ్చి ఉన్నప్పుడు చెప్పింది. కారులో తిరిగొస్తూ "డాడీ, నువ్వెందుకు నవ్వావు?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి తన కాలేజీ ఎస్సేలో కులం గురించే రాస్తానంటోంది. తల్లి వద్దంటోంది. బయటికి పొక్కితే ఎవరూ పిలవరని, చిన్నవాడు తెలుగు బడిలో ఒంటరి అయిపోతాడని ఆమె టెన్షన్. డబ్బిచ్చి పెట్టుకున్న అడ్మిషన్ల కౌన్సెలర్ రెండు సలహాలిచ్చాడు. ఫారంలో జాతి అడిగిన చోట ఏషియన్ అని టిక్కు పెట్టొద్దు, ఖాళీగా వదిలేయండి అన్నది మొదటిది. ఎస్సేలో కులం కథ అయితే అదిరిపోతుంది, తప్పకుండా రాయించండి అన్నది రెండోది.

ఉత్తరం చివర ఆయన ఇలా అడిగారు: "టిక్కు పెట్టాలా, వద్దా? ఎస్సే రాయనివ్వాలా, వద్దా? ఇంకో సంగతి నన్ను తొలిచేస్తోంది. 2023లో ఆ తీర్పు వచ్చిన రోజు, మా అమ్మాయికి మంచిదే కదా అని లోపల నాకూ సంతోషం వేసింది. రిజర్వేషన్లో చదువుకున్నవాణ్ణి, నేనలా అనుకోవచ్చా?"

*

మీరు అడిగినవాటిలో అన్నిటికన్నా చిన్నది ఆ టిక్కు. ముందు దాన్ని తేల్చేద్దాం.

కాలేజీలు సీట్లిచ్చేటప్పుడు పిల్లల జాతిని చూడకూడదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, 2023 ఆగస్టు నుంచి, చాలా కాలేజీలకు ఒకే ఫారంతో అప్లికేషన్ పెట్టుకునే కామన్ యాప్‌లో పిల్లలు జాతి గురించి ఇచ్చిన జవాబును అప్లికేషన్ చదివేవాళ్లకు కనబడకుండా దాచుకునే వీలు కాలేజీలకు కల్పించారు. కాబట్టి మీ అమ్మాయి అక్కడ ఏం పెట్టినా అది గెలిపించేదీ కాదు, ఓడించేదీ కాదు. ఖాళీగా వదిలేయడం తప్పూ కాదు, మోసమూ కాదు. అది ఇష్టమైతే చెప్పే వివరమే. కానీ పేరు ఉంటుంది, ఇంటిపేరు ఉంటుంది, తల్లిదండ్రులు ఎక్కడ చదువుకున్నారన్న ప్రశ్న కూడా ఉంటుంది. టిక్కు పెట్టనంత మాత్రాన ఆమె భారతీయుల పిల్ల అని తెలియకుండా పోదు. కౌన్సెలర్ చెప్పింది నూటికి తొంభై పాళ్లు మీ భయాన్ని చల్లార్చే మందు. అమ్మాయికి ఏది సహజంగా అనిపిస్తే అది పెట్టుకోమనండి.

తీర్పు వల్ల మన పిల్లలకు తలుపులు బార్లా తెరుచుకున్నాయన్న మాట కూడా నిలబడదు. మరుసటి ఏడాది, 2024లో చేరిన పిల్లల లెక్కలు చూడండి. ఎంఐటీలో ఏషియన్ అమెరికన్ల వాటా 40 నుంచి 47 శాతానికి పెరిగింది. యేల్‌లో 30 నుంచి 24కి తగ్గింది. ప్రిన్స్‌టన్‌లోనూ కాస్త తగ్గింది. కేసు ఎవరి మీద నడిచిందో ఆ హార్వర్డ్‌లో 37 శాతం దగ్గరే ఆగిపోయింది. నల్లజాతి పిల్లల వాటా మాత్రం చాలాచోట్ల పడిపోయింది. ఎంఐటీలో 13 నుంచి 5కి, ఆమ్‌హర్స్ట్‌లో 11 నుంచి 3కి, హార్వర్డ్‌లో 18 నుంచి 14కి. జాతి చెప్పని పిల్లలు కొన్ని కాలేజీల్లో పెరిగారు గనక ఈ అంకెలను మరీ గట్టిగా పట్టుకోకూడదు. కానీ భోజనాల బల్ల దగ్గర వినిపించినంత ధీమా మాత్రం వీటిలో లేదు. పైగా ఈ గొడవంతా అప్లికేషన్లలో అతి కొద్దిమందినే తీసుకునే కొన్ని పెద్దపేరు కాలేజీలది. అమెరికాలో ఎక్కువ కాలేజీలు అడిగినవాళ్లలో సగానికి పైగా పిల్లల్ని చేర్చుకుంటాయి. మీ అమ్మాయి భవిష్యత్తు ఆ నాలుగైదు పేర్ల మీద వేలాడటం లేదు.

ఇక మీ మిత్రుడి మాట. దాన్ని కొంచెం విప్పి చూడాలి, ఎందుకంటే మీ చివరి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

"ఇక్కడ కూడా రిజర్వేషన్లు" అన్నాడాయన. అమెరికా కాలేజీల్లో మనకు తెలిసిన రిజర్వేషన్ ఎప్పుడో పోయింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ వారి డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16 పక్కన పెడితే, బాకీ అనే తెల్ల విద్యార్థి కోర్టుకెక్కాడు. 1978లో సుప్రీంకోర్టు ఆ 16 సీట్ల పద్ధతిని కొట్టేసింది. సీట్లు విడిగా ఉంచకూడదు, పిల్లల గురించి చూసే అనేక విషయాల్లో జాతిని కూడా ఒకటిగా చూడొచ్చు అన్నది ఆనాటి నుంచి నడిచిన పద్ధతి. 2003లో మిషిగన్ యూనివర్సిటీ, మైనారిటీ పిల్లలకు 150 పాయింట్లలో 20 నేరుగా కలపడాన్నీ కోర్టు ఒప్పుకోలేదు. అదే రోజు అదే యూనివర్సిటీ లా కాలేజీ పద్ధతిని మాత్రం ఒప్పుకుంది. ఇంకో 25 ఏళ్లకు దీని అవసరం ఉండకపోవచ్చని అప్పుడు జస్టిస్ శాండ్రా డే ఓకానర్ రాశారు. 20 ఏళ్లకే, 2023 జూన్ 29న, హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల మీద నడిచిన కేసుల్లో ఆ కాస్తా పోయింది. మన దగ్గర రాజ్యాంగంలో వెనకబడ్డవాళ్లకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) అధికరణం ఉంది, ప్రభుత్వం జీవో ఇస్తుంది, సీట్ల లెక్క ఉంటుంది, కటాఫ్ ఉంటుంది. అక్కడ ఇవేవీ లేవు. ఒక అడ్మిషన్ ఆఫీసులో నలుగురు కూర్చుని ఒక్కో పిల్ల గురించి మాట్లాడుకునేటప్పుడు వాడే ఒక అంశం మాత్రమే ఉండేది. రెండిటినీ ఒకే గాటన కట్టేసినవాడు రెండిటినీ చదువుకోలేదు.

అయితే మీ మిత్రుడి కోపంలో పిసరంత నిజం కూడా ఉంది. దాన్ని కాదంటే మీకు మీరే అబద్ధం చెప్పుకున్నట్టు. హార్వర్డ్ కేసు విచారణలో బయటపడ్డ కాగితాల ప్రకారం, మార్కుల్లో ముందున్న ఏషియన్ అమెరికన్ పిల్లలకు వ్యక్తిత్వం కింద ఇచ్చే రేటింగు మాత్రం మిగతావాళ్లకన్నా తక్కువగా వచ్చేది. పిల్లలను కళ్లతో కూడా చూడకుండా కాగితం మీద వేసే రేటింగు అది. కావాలని వివక్ష చూపినట్టు రుజువు కాలేదని 2019లో కింది కోర్టు తేల్చింది. అయినా ఆ రేటింగు చూసిన ఏ తల్లికీ తండ్రికీ కడుపు మండకుండా ఉండదు. తీర్పు రోజు మీకు వేసిన సంతోషంలో ఎక్కువ భాగం ఇదేనని నా అనుమానం. మన పిల్ల మంచిదని, ఇక ఎవరూ ఆమె వ్యక్తిత్వానికి కత్తెర వేయరని ఒక తండ్రి పడ్డ సంతోషం. దానికి మీరు తల దించుకోనక్కర్లేదు.

అదే కేసు కాగితాల్లోంచి ఇంకో అంకె కూడా బయటికొచ్చింది. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్ల పిల్లల్లో 43 శాతానికి పైగా, ఆటల కోటాలో వచ్చినవాళ్లు, అక్కడే చదివిన తల్లిదండ్రుల పిల్లలు, అక్కడి ప్రొఫెసర్ల పిల్లలు, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్లు (దాతల పిల్లల్లాంటివాళ్లు). నల్లజాతి, ఏషియన్, లాటినో పిల్లల్లో ఇది 16 శాతం కూడా లేదు. తండ్రి చదివిన కాలేజీ కాబట్టి కొడుక్కి ముందు వరస. ఈ కోటాను ఆ తీర్పు ముట్టుకోలేదు. తర్వాత వర్జీనియా, మేరీలాండ్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి, అంతే. మీ భోజనాల బల్ల దగ్గర దీని మీద ఎవరూ జోకు వేసి ఉండరు. వేయరు కూడా. రేపు తమ పిల్లలు అక్కడ చదివితే మనవలకు పనికొస్తుంది కదా.

సీట్లు పోగొట్టుకుని వచ్చాం అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. 1965 దాకా అమెరికా మన దేశం నుంచి ఏడాదికి 100 మంది వలసదారులను తీసుకుంటే గొప్ప. ఆ తలుపు తెరిచిన వలస చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం ఊపులో. నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి, 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నాక మరుసటి ఏడాదే. అదే 1965లో అధ్యక్షుడు జాన్సన్ హోవర్డ్ యూనివర్సిటీలో మాట్లాడుతూ, ఏళ్ల తరబడి గొలుసులతో కట్టేసిన మనిషిని విప్పి, పరుగుపందెం గీత మీద నిలబెట్టి, ఇక అందరితో సమానంగా పరిగెత్తు అనడం న్యాయం కాదన్నాడు. ఆ ఉద్యమం తెరిచిన తలుపులోంచే మీరూ వెళ్లారు, మీ మిత్రుడూ వెళ్లాడు. హాస్టల్లో చదివిన మీకు ఆ గొలుసు మాట అర్థమైనంతగా ఆయనకు అర్థం కాదు.

కాబట్టి మీ చివరి ప్రశ్నకు నా సమాధానం: మీరు ద్రోహి కారు. వ్యక్తిత్వం రేటింగు అన్యాయమని, వెనకబడ్డవాళ్లకు చేయి అందించడం న్యాయమని ఒకే మనిషి నమ్మొచ్చు. చేయి ఎలా అందించాలన్న దాని మీద మీకు రోజుకో అభిప్రాయం ఉండొచ్చు. మిమ్మల్ని తొలుస్తున్నది తీర్పు రోజు వేసిన సంతోషం కాదని నాకనిపిస్తోంది. ఆ భోజనాల రాత్రి వచ్చిన నవ్వు. మీ అమ్మాయి అడిగింది కూడా దాని గురించే.

ఇక ఎస్సే. ఇక్కడ మీరు, మీ భార్య, కౌన్సెలర్ ముగ్గురూ మూడు వైపుల నుంచి లాగుతున్నారు. నాలుగో మనిషి మాట ఎవరూ అడిగినట్టు లేదు.

చట్టం సంగతి సులువు. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఒక చిన్న తలుపు వదిలారు. జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి రాసుకుంటే కాలేజీ దాన్ని పట్టించుకోవచ్చు, అయితే ఆ అనుభవం ఆ పిల్ల గుణాన్ని, శక్తిని చూపించేదిగా ఉండాలి, ఉత్త జాతి లెక్కగా కాదు అని దాని సారం. అడ్డదారిలో పాత పద్ధతి తెస్తే ఒప్పుకోమని కూడా అదే తీర్పులో ఉంది. 2025లో ట్రంప్ ప్రభుత్వం అడ్మిషన్ల లెక్కలు జాతుల వారీగా అప్పజెప్పమన్నాక కాలేజీలు మరీ భయంభయంగా ఉన్నాయి. అయినా పిల్ల తన జీవితం గురించి రాయకూడదని ఎవరూ అనలేదు. కులం ఆ తీర్పులో విషయమే కాదు. రాయడానికి అడ్డేమీ లేదు.

కానీ ఆ చిన్న తలుపు వల్ల ఒక పాడు పని జరుగుతోంది. అంతకుముందు ఒక టిక్కు పెడితే సరిపోయేదానికి ఇప్పుడు పిల్లలు ఎస్సేకిచ్చే 650 పదాల్లో తమ గాయాలు పేర్చి చూపించాల్సి వస్తోంది. నల్లజాతి పిల్లలు తమ మీద జరిగిన అవమానాల్లో ఏది బాగా పండుతుందో ఏరుకుంటున్నారు. మీ కౌన్సెలర్ అదిరిపోతుంది అన్నది ఈ సంతలో నేర్చుకున్న మాటే. పదిహేడేళ్ల పిల్ల నానమ్మ కష్టాన్ని తూకానికి పెట్టాలా అన్న ప్రశ్న ఆయనకు రాదు, ఆయన ఫీజులో అది లేదు.

మరి ఆ కష్టం ఎవరిది? ఇది కొంచెం గట్టిగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఊరి బయట పల్లెలో బతికింది మీ అమ్మగారు. హాస్టల్లో నీళ్ల సాంబారు తిన్నది మీరు. మీ అమ్మాయి న్యూజెర్సీలో ఇద్దరు చదువుకున్న తల్లిదండ్రుల ఇంట్లో పెరిగింది. చదివేవాళ్ల ముందు ఆ అప్లికేషన్లో మీ డిగ్రీ కూడా ఉంటుంది. ఆమె "దళితులు ఎంత బాధలు పడ్డారో" అని రాస్తే అది అరువు కథ అవుతుంది, చదివేవాళ్లు పట్టేస్తారు కూడా. ఆమెకు సొంతమైన కథ వేరే ఉంది. ఇంట్లో ఒక పేరు, బయట ఒక మౌనం. ఏ ఫొటో ఏ గదిలో ఉండాలన్న లెక్క. తెలుగు బడిలో ఎవరో ఆంటీ "మీ సొంతూరేది, ఇంటిపేరేంటి" అని అడిగినప్పుడు అమ్మ మాట మార్చేయడం. ఒక రాత్రి నాన్న నవ్వడం. ఆమె నిజంగా బాగా రాయగలిగింది ఇదే. అందులో మీరుంటారు, అంత బాగా కనబడరు. మీరు కులం బయటపడుతుందని భయపడుతున్నారు. నేను మీ స్థానంలో ఉంటే అంతకన్నా ముందు దీని గురించి ఆలోచించేవాణ్ణి.

ఇప్పుడు ఆమె ముందున్న దారులు. కులం పేరు పెట్టి నేరుగా రాయొచ్చు. చదివే అధికారికి కులం గురించి రెండు ముక్కలు చెప్పడానికే 100 పదాలు పోతాయి. పేదరికం, పల్లెటూరు, అంటరానితనం అని సినిమా చూపించినట్టు అయ్యే ప్రమాదం ఉంది. చదివేది భారతీయ మూలాలవాళ్లైతే వాళ్ల మనసులో ఏముందో తెలియదు. బాగా కుదిరితే మాత్రం ఈ పిల్ల ఇంట్లోనే ఒక కష్టమైన ప్రశ్న అడిగిందని వాళ్లకు తెలుస్తుంది. అది చిన్న విషయం కాదు.

కులం అన్న మాట తీసుకురాకుండా నానమ్మ గురించి, ఆమె ఉన్న ఆరునెలల గురించి రాయొచ్చు. మీ భార్య దీనికి ఒప్పుకుంటారు. అమ్మాయి ఒప్పుకోకపోవచ్చు. దాచడం గురించి అడిగిన పిల్లను ఎస్సేలో కూడా దాచమంటే, మీరు ఆమెకు ఇంకోసారి జవాబు ఎగ్గొట్టినట్టే అనుకుంటుంది.

లేదా ఈ విషయం పూర్తిగా పక్కన పెట్టి, తనకిష్టమైన ఇంకో సంగతి మీద రాయొచ్చు. ఆమెకు రసాయనశాస్త్రం ఇష్టమో, వయొలిన్ ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, అది నాకు వింతగా అనిపించింది. ఈ కథ ఎక్కడికీ పోదు. కాలేజీకి వెళ్లాక, ఎవరి మార్కులూ అవసరం లేనప్పుడు, ఇంకా బాగా రాస్తుంది. ఇందులో నష్టం ఒకటే. ఇప్పుడు ఆమెలో రగులుతున్నది ఇదే, వేరేదాని మీద రాస్తే చప్పగా రావచ్చు.

వీటిలో ఏదో ఒకటి చేయమని నేను చెప్పను. మీరూ చెప్పకండి. కానీ రెండు షరతులు పెట్టే హక్కు మీకుందనుకుంటాను. ఒకటి, నానమ్మ గురించి రాస్తే నానమ్మకు ఫోన్ చేసి అడగాలి. ఆవిడ చదువుకోకపోయినా తన బతుకు మీద తనకు హక్కుంది. ఆవిడ నవ్వేసి రాసుకోమ్మా అనొచ్చు. ఆ మాట ఎత్తొద్దు అని కూడా అనొచ్చు. రెండోది, డ్రాఫ్టు ఎవరెవరు చదువుతారో ముందే మాట్లాడుకోవాలి. అడ్మిషన్ ఆఫీసులు వచ్చిన ఎస్సేలను ఊళ్లో పంచిపెట్టవు. మీ భార్య భయపడుతున్నది అక్కడి నుంచి రాదు. స్కూల్లో డ్రాఫ్టులు ఒకరివొకరు దిద్దుకునే పిల్లల్లో మీ మిత్రుల పిల్లలుంటారు. గూగుల్ డాక్ లింకు ఎటో పోతుంది. పొక్కేది అలా.

మీ భార్య భయాన్ని పిచ్చి భయం అనకండి. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసిందంటే, అంతకుముందు ఏడాదే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన నిబంధనల్లో కులాన్ని చేర్చిందంటే, అక్కడ కులం లేక కాదు. కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ అలాంటి బిల్లు వస్తే 2023 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు, ఉన్న చట్టాలే చాలునని. ఆ బిల్లు మీద మనవాళ్లు ఎంత గొడవ పడ్డారో మీకు తెలిసే ఉంటుంది. పిలుపులు తగ్గొచ్చు. పిల్లవాడికి ఒకరిద్దరు స్నేహితులు దూరం కావచ్చు. ఇది జరగదని మాటివ్వలేను. కానీ ఇప్పటి ఏర్పాటులో కూడా ఖర్చుంది. ప్రతి సంక్రాంతికీ మీ భార్య కడుతున్న ఖర్చే అది. ఆమెతో విడిగా కూర్చుని, నీకు అన్నిటికన్నా ఎక్కువ భయమున్నది ఎవరి గురించి అని అడగండి. అందరూ అని చెప్పదు, ఒకరిద్దరి పేర్లు చెబుతుంది. అప్పుడు సమస్య కాస్త చేతికి అందుతుంది.

మిత్రులకు చెప్పాలా అన్నది మీరు అడగలేదు. అడగకపోయినా ఉత్తరం నిండా అదే ఉంది. అమ్మాయి ఎస్సే ద్వారా మాత్రం ఈ సంగతి బయటపెట్టకండి. అది మీరు మోయాల్సిన బరువు, ఆమె చేత మోయించకూడదు. చెప్పకుండానే ఒక పని చేయొచ్చు: ఇంకోసారి ఆ జోకు వచ్చినప్పుడు నవ్వకుండా, "ఇక్కడ సీట్లు పక్కన పెట్టడం 1978లోనే పోయింది కదా, మరి తండ్రి కాలేజీ కోటా సంగతేమిటి?" అని అడగండి. దీనికి కులం చెప్పక్కర్లేదు, విషయం తెలిస్తే చాలు. కొందరు మిమ్మల్ని వింతగా చూస్తారు, కొందరు ఊహిస్తారు కూడా. లేదా ఆ కుటుంబాల్లో మీకు నమ్మకమున్న ఒక్కరికి చెప్పి చూడండి. ఆ మనిషి ఎలా తీసుకుంటారన్నది మిగతావాళ్ల గురించి మీకు చాలా చెబుతుంది. తిరిగి వెనక్కి తీసుకోలేని మాట కాబట్టి, కోపంలో మాత్రం చెప్పకండి. ఎప్పటికీ చెప్పకూడదనుకున్నా నేను తప్పు పట్టను. అమెరికాలో ఎందరో అలాగే బతుకుతున్నారు, ఎందుకో నాకు తెలుసు.

కానీ అమ్మాయి ప్రశ్నకు మీరు జవాబు బాకీ ఉన్నారు. చాలా కాలేజీల్లో నవంబరు 1న ఎర్లీ (ముందుగా పెట్టుకునే) అప్లికేషన్ల గడువు. అంతకన్నా ముందే, ఎస్సే మాట ఎత్తకుండా, ఆమెను కూర్చోబెట్టుకుని ఎందుకు నవ్వారో చెప్పండి. భయమేసిందనే చెప్పండి, నిజం అదే అయితే. ఎంసెట్‌లో మీ ర్యాంకు ఎంతో, ఏ కోటాలో సీటొచ్చిందో, మొదటి సంవత్సరం కాలేజీలో మిమ్మల్ని ఎవరు ఏమన్నారో చెప్పండి. ఆమె ఇవన్నీ నానమ్మ నోట సగం సగం విని ఉంటుంది. తీర్పు రోజు మీకు వేసిన సంతోషం కూడా దాచకండి. ఆమె వాదిస్తుంది, వాదించనివ్వండి. 1946లో అంబేడ్కర్, నల్లజాతి మేధావి డు బోయిస్‌కి ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివాళ్లు పెట్టిన అర్జీ ప్రతులు అడిగారు. డు బోయిస్ జవాబు కూడా రాశారు. రెండూ ఆన్‌లైన్లో దొరుకుతాయి, చిన్నవే. ఇద్దరూ కలిసి చదవొచ్చు.

ఆ మాటల తర్వాత ఆమె ఎస్సే మారిపోవచ్చు. రాయాలన్న పట్టుదల పోవచ్చు, పెరగనూవచ్చు. రాస్తానంటే డ్రాఫ్టు మొదట మీకు చూపించమనండి. తప్పులు దిద్దే పని మాత్రం పెట్టుకోకండి. కౌన్సెలర్‌కు పంపాలా వద్దా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి. ఆయన కూడా తెలుగువాడే అయితే, మీ మిత్రులెవరింట్లోనైనా పిల్లలకు పాఠాలు చెబుతున్నాడేమో ఒకసారి కనుక్కోండి.